మా పాట మేమే చేసుకుంటం

*కంపెనీల గడప తొక్కకుండా సొంతంగా పాట చేసుకోవడాన్ని పాశ్చాత్య దేశాల్లో ‘ఇండీ’ అన్నారు. ఆ పాటకు కోపం తోడైతే ‘పంక్’ అన్నారు. ఆ పేర్లేవీ తెలియకుండానే ఓరుగల్లు తన పాట తాను చేసుకుంటూ వచ్చింది. ఆ పాట దేశం దాటిపోయింది. పాడినవాళ్లకు దక్కాల్సిన పేరు, పైసలు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి.*

“తమ్మీ, ఆ ఫ్యాన్ బంజెయ్యి. ఒక్కపాలి ఆగకుండ పాడేస్త.”

హనుమకొండలో ఒక పాత మేడ మీది గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. కిటికీకి రెండు బొంతలు వేలాడదీశారు. మార్చి ఎండ పైనున్న రేకుల మీద పడి గది ఉడికిపోతోంది. మైకు ముందు నిలబడ్డామె పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర పనిచేసి వచ్చింది. ఘాటుకు ముక్కు ఇంకా మండుతోంది. చరణం మధ్యలో తుమ్మొస్తుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుని, పాట ఎత్తుకునే క్షణంలో తీసేస్తోంది.

“అక్కా, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు జర గుంజకు. దరువు దాటిపోతున్నవ్” అన్నాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు.

“నీ దర్వే జర ఆపరాదు? మా అమ్మ గుంజే పాడేది.”

కుర్రాడు కాసేపు తెరకేసి చూశాడు. తర్వాత మౌస్ పట్టుకుని దరువు వేగం తగ్గించాడు. ఆమె మళ్లీ పాడింది. ఈసారి పల్లవి సాగినంత సేపూ దరువు ఆమె కోసం ఆగింది. ఆ తేడా విన్నవాళ్లకే తెలుస్తుంది. పాట ఒక్కసారిగా నాట్లేసే మడిలోకి దిగింది.

ఇలాంటి గదులు వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటికి బోర్డులు ఉండవు, నోటి మాటే ప్రచారం. పాట పూర్తయ్యాక ఊరి చివర పొలంలోనో, పాకాల చెరువు దారిలోనో వీడియో తీస్తారు, యూట్యూబ్‌లో పెడతారు. పెళ్లి బరాత్‌లో డీజే పెట్టె మీద ఆ పాట పడిందంటే ఇక దాని దారి దానిదే. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ ఒక నవవధువు డ్యాన్సుతో ఊరూరా మోగింది. 2025లో రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ కోట్ల మంది ఫోన్లలోకి వెళ్లింది. సినిమా పాటకు పోటీ మరో సినిమా పాటే అనుకున్న రోజులు పోయాయి. సినిమావాళ్లే ఇప్పుడు ఈ గదుల వైపు చూస్తున్నారు.

ఐదొందల పౌండ్ల అప్పు

వారానికోసారి కొత్తవీ పాతవీ కలిపి కొన్ని ఆల్బమ్స్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినడం నాకు అలవాటు. ఈ వారం ఎక్కువగా పంక్, ఇండీ విన్నాను. వింటున్నంత సేపూ ఈ మేడ మీది గదే గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు వాళ్ల కథ కొంచెం చెప్పాలి.

1970ల నడుమ రాక్ సంగీతం చాలా ఖరీదైపోయింది. పెద్ద స్టూడియోలు, నెలల తరబడి రికార్డింగులు, ఒక్కో పాటా పావుగంట. చేతిలో పైసా లేని కుర్రాడికి అందులో చోటు లేదు. అప్పుడు న్యూయార్క్‌లో రామోన్స్ అనే నలుగురు కుర్రాళ్లు 1976 ఏప్రిల్‌లో ఒక ఆల్బమ్ తెచ్చారు. 14 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా ఉండదు. రికార్డింగ్ వారంలో అయిపోయింది. ఖర్చు 6,400 డాలర్లు. నేర్చుకున్న నాలుగు ముక్కలతో నిలబడి పాడేయొచ్చని ఆ ఆల్బమ్ ఎంతోమందికి ధైర్యమిచ్చింది.

రామోన్స్ వెనక ఒక కంపెనీ ఉంది. ఆ కంపెనీ కూడా లేకుండా చేసి చూపించినవాళ్లు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కుర్రాళ్లు, బజ్‌కాక్స్. బంధుమిత్రుల దగ్గర సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1976 డిసెంబర్ చివర్లో నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరుతో సొంతంగా వెయ్యి కాపీలు వేయించారు. ఒక్కో పాట ఎన్నోసారి పాడితే కుదిరిందో కూడా అట్ట మీద అచ్చేశారు. దాపరికం ఏమీ లేదు, మీరూ చేసుకోండి అన్నట్టుంటుంది ఆ అట్ట. వెయ్యి కాపీలు అయిపోయి, ఇంకా ఎన్నో వేలు అమ్ముడయ్యాయి. తర్వాతి రెండు మూడేళ్లలో బ్రిటన్ నిండా చిన్న చిన్న లేబుళ్లు పుట్టాయి. 1980 జనవరికల్లా ఇండీ రికార్డులకు విడిగా అమ్మకాల పట్టికే వచ్చింది.

బొంతలు కట్టిన గది, అప్పు తెచ్చిన సొమ్ము, తమ యాసలోనే పాడతామన్న మొండితనం. మాంచెస్టర్‌కూ హనుమకొండకూ మధ్య సముద్రాలున్నా పని మాత్రం ఒక్కటే.

అర్ధరాత్రి, రిక్షా కార్మికుడి చేతుల మీదుగా

ఆ మాటకొస్తే పంక్ అనే పేరు పుట్టకముందే మన దగ్గర ఆ నిప్పు రాజుకుంది. 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాద్‌లో ఒక కవితా సంపుటి వెలువడింది. ఆవిష్కరించింది మంత్రి కాదు, ఆచార్యుడు కాదు. నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. తెచ్చినవాళ్లు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. దిగంబర కవులు. పేర్లు మార్చుకున్నారు, మర్యాదల్ని చించేశారు, మధ్యతరగతి మొహం మీదే మాట్లాడారు. లండన్ కుర్రాళ్లు జుట్టు రంగులేసుకుని, పేర్లు మార్చుకుని టీవీలో బూతులు తిట్టింది ఆ తర్వాత పదకొండేళ్లకు. పోలిక అన్ని చోట్లా అతకదు. లండన్ తిరుగుబాటులో కొంత ఫ్యాషన్ కూడా ఉంది. మన దిగంబర కవుల్లో కొందరు మాత్రం జైళ్లకు వెళ్లారు.

మరుసటి ఏడాది, 1966లో వరంగల్ నుంచి ‘సృజన’ మొదలైంది. వరవరరావు, సాహితీ మిత్రులు కలిసి నడిపిన పత్రిక అది. పెద్ద ప్రెస్సు, పెద్ద పెట్టుబడి లేకుండానే పాతికేళ్లకు పైగా నడిచింది. కొన్ని సంచికలు నిషేధానికి గురయ్యాయి. పంక్ అభిమానులు 1976లో జిరాక్స్ కాగితాలకు పిన్నులు కొట్టి పత్రికలు పంచుకున్నారని చదివినప్పుడల్లా వరంగల్ పాత మిత్రుల ఇళ్లలో అటకల మీదున్న ‘సృజన’ కట్టలే నా కళ్ల ముందుకొస్తాయి.

ఇక పాట. 1972లో జననాట్యమండలి పుట్టింది. గుమ్మడి విఠల్‌రావు గద్దర్ అయ్యాడు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన డప్పు. అంతకు మించి సరంజామా లేదు. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగోతం, కల్లం దగ్గరి పాట, దేన్నీ వదల్లేదు. జనం పాటలోని బాణీ తీసుకుని జనం బాధ దానికెక్కించి మళ్లీ జనానికే ఇచ్చేశాడు. 1985 తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో మళ్లీ బయటికొచ్చాడు. ఆ ఏడాది మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభ జరిగింది. లక్షల్లో జనం. ఆ సభకు వచ్చామని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఎడ్లబండ్లు కట్టుకుని, సద్దులు మూటగట్టుకుని వచ్చారట.

లండన్ విక్టోరియా పార్కులో 1978 ఏప్రిల్ 30న జాత్యహంకారానికి వ్యతిరేకంగా క్లాష్ బ్యాండ్ పాడిన సభ గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాసుకుంది. వరంగల్ సభ గురించి మనం ఎన్ని రాసుకున్నాం? ఆ రోజు ఎవరేం పాడారో, ఏ బాణీ ఎవరిదో వివరంగా రికార్డు చేసి పెట్టుకోలేకపోయాం. 1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. దాంతోనే ఆయన 2023 ఆగస్టు 6 దాకా పాడుతూ బతికాడు. ఆయన పాటలు కొన్ని సినిమాల్లో ఉన్నాయి, కొన్ని క్యాసెట్లలో. మిగతావి విన్నవాళ్ల నోళ్లలో మిగిలాయి.

> ఈ వారం విన్నవి, మీరూ వినదగ్గవి
>
> బ్యాడ్ బ్రెయిన్స్, ‘బ్యాడ్ బ్రెయిన్స్’ (1982): వాషింగ్టన్ నల్లజాతి కుర్రాళ్ల బ్యాండ్. ఈ ఆల్బమ్ మొదట వచ్చింది క్యాసెట్ రూపంలోనే. ఊపిరాడనంత వేగంగా సాగే పాటల నడుమ రెగే నింపాదిగా వచ్చి కూర్చుంటుంది. ఈ వారం నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది ఇదే.
>
> ఎక్స్‌రే స్పెక్స్, ‘జెర్మ్‌ఫ్రీ అడొలసెంట్స్’ (1978): పాడింది పాలీ స్టైరీన్. తండ్రి సోమాలియా నుంచి వచ్చినవాడు. పళ్లకు క్లిప్పులతోనే వేదికెక్కి, బజారు సరుకుల మోజు మీద గొంతు చించుకుంది. వెనక శాక్సోఫోన్.
>
> ఫుగాజి, ‘రిపీటర్’ (1990): మన వరంగల్ సభ జరిగిన ఏడాదిదే. కోపాన్ని అదుపులో పెట్టి ఎలా పాడాలో ఇందులో వినొచ్చు.
>
> ఇండియన్ ఓషన్, ‘కందీసా’ (2000): ఢిల్లీ బ్యాండ్. రాత్రి ప్రయాణంలో వినండి.
>
> అవియల్, ‘అవియల్’ (2008): మలయాళంలో రాక్. జానపదం చెడకుండా గిటారు మోగించొచ్చని ఇది విన్నాక నమ్ముతారు.
>
> ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్: దర్శకుడు పా.రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి చెన్నైలో కట్టిన బృందం. 2018 జనవరి 6న తొలి కచేరీ. గానా పాట, రాప్, రాక్ కలిపి కులం మీద పాడతారు. తమిళం రాకున్నా కోపం అర్థమవుతుంది.
>
> చౌరస్తా: మన హైదరాబాద్ బ్యాండ్. 2020 కరోనా మొదట్లో ‘చేతులెత్తి మొక్కుతా’ పాటతో ఇంటింటికీ చేరింది. వీళ్లతో మొదలైన రామ్ మిరియాల ఇప్పుడు సినిమా పాటకు బలమైన గొంతు. బ్యాండ్ రోజుల పాటలు వెతుక్కుని వినండి.

జాతరకో క్యాసెట్టు

గద్దర్ పాటకు ఉద్యమం అండగా నిలబడింది. ఆ అండ లేని మామూలు గాయకులకు దారి చూపింది క్యాసెట్టు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. జాతర దగ్గరపడుతోందంటే సమ్మక్క సారలమ్మ పాటల క్యాసెట్లు బస్టాండు దుకాణాల్లో వేలాడేవి. కొమురెల్లి మల్లన్నవి, ఐలోని మల్లన్నవి, బతుకమ్మవి వేరు. పాడినవాళ్ల ఫొటోలు అట్ట మీద అగ్గిపెట్టె బొమ్మంత ఉండేవి. చాలాసార్లు అవీ ఉండేవి కావు. మహబూబాబాద్ ప్రాంతం కంబాలపల్లి నుంచి వెళ్లిన చక్రి కూడా ప్రైవేట్ ఆల్బమ్స్ చేస్తూనే ఎదిగి, 2000లో ‘బాచి’తో సినిమా సంగీత దర్శకుడయ్యాడు. 2014 డిసెంబర్‌లో నలభై ఏళ్లకే పోయాడు. ఆ తొలి ఆల్బమ్స్ ఇవాళ ఎక్కడైనా దొరుకుతాయా అంటే కష్టమే.

క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది. సీడీ పోయి మెమరీ కార్డు వచ్చింది. సెల్ దుకాణంలో ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పాటలెక్కించేవారు. పాడినవాళ్లకు అందులోంచి ఒక్క పైసా వచ్చేది కాదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద రాత్రంతా గొంతు పోయేదాకా పాడినవాళ్ల సంగతీ అంతే. పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడి గడప తొక్కకుండానే కవి అయిన అందెశ్రీ పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. 2025 నవంబర్ 10న ఆయన వెళ్లిపోయారు. ఆయన గుర్తింపైనా చూసుకున్నారు. ఆయనతో పాటు వేదికలెక్కిన ఎందరో ఇవాళ ఎక్కడున్నారో తెలియదు.

పాట ఎవరిది?

2021 ఫిబ్రవరి చివర్లో ‘లవ్ స్టోరీ’ సినిమా నుంచి ‘సారంగ దరియా’ బయటికొచ్చింది. మంగ్లి గొంతు, సాయిపల్లవి అడుగులు. రోజుల్లోనే కోట్ల వ్యూస్. అప్పుడు వరంగల్ ప్రాంతానికి చెందిన జానపద గాయని కోమలి ముందుకొచ్చింది. ఆ పాటను పెద్దల నోట విని నేర్చుకుని వెలుగులోకి తెచ్చింది తానేనంది. తన ఊసే లేకుండా పాట వెళ్లిపోయిందని బాధపడింది. టీవీల్లో వాదనలు నడిచాయి. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల స్వయంగా వివరణ ఇచ్చి, ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించారు.

ఆ గొడవలో రెండు వైపులా వినాలి. జానపదానికి కర్త ఉండడు, అది అందరిదీ అన్న మాట నిజమే. అందరిదీ అయిన పాటను అడవి తేనె తెచ్చినట్టు వెతికి, ఊపిరి పోసి, పదిమందిలో పాడి బతికించిన మనిషి ఒకరుంటారన్నదీ నిజమే. చట్టానికి మొదటిది బాగా తెలుసు. రెండోదాన్ని అది సరిగా పట్టుకోలేకపోతోంది. కోమలి నోరు తెరిచి అడగబట్టి ఆ ఒక్క పాటకు దారి దొరికింది. అడగలేనివాళ్ల పాటలు ఎన్ని ఇలా దాటిపోయాయో!

> పాట చేసేవాళ్లు తెలుసుకోవాల్సినవి
>
> పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి కాపీరైట్ ఉంటుంది. వారు పోయాక కూడా 60 ఏళ్లు సాగుతుంది.
>
> పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు విడిగా ఉంది. దాని గడువు 50 ఏళ్లు.
>
> 2012 సవరణ తర్వాత సినిమాకు రాసిచ్చిన పాటైనా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా అడిగే హక్కు పోదు.
>
> తరతరాల జానపదానికి కర్త పేరు మీద హక్కు ఉండదు. కానీ మీరు చేర్చిన చరణాలకు, మీరు చేసిన రికార్డింగుకు ఉంటుంది. తేదీ వేసి దాచిపెట్టుకోండి.
>
> యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే సాధారణంగా ఛానెల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ డబ్బు ఛానెల్ యజమానికి వెళ్తుంది. మీ వాటా ఎంతో పాట పాడకముందే కాగితం మీద రాయించుకోండి.

మొగిలయ్య తంబుర

2023 మార్చిలో ‘బలగం’ వచ్చింది. చివర్లో పెద్దకర్మ రోజున ఇద్దరు కళాకారులు వచ్చి చనిపోయినాయన కథ చెబుతారు. ఆయన చేతిలో తంబుర, ఆమె చేతిలో బుడిగె. ఆ పది నిమిషాలు థియేటర్లలో ఏడవనివాళ్లు లేరు. ఊళ్లలో పంచాయతీ ముందు తెర కట్టి ఆ సినిమా వేశారు. మాటల్లేని అన్నదమ్ములు అది చూసి కలిసిపోయారని వార్తలొచ్చాయి.

ఆ ఇద్దరు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. బుడిగజంగాలు. ఊరూరా తిరిగి, చావు జరిగిన ఇంటి ముందు కూర్చుని, పోయిన మనిషి బతుకును కథగా అల్లి పాడటం వాళ్ల వృత్తి. ఆ ఇంటివాళ్ల పేర్లు, పొరపొచ్చాలు, పోయిన మనిషి ఇష్టాయిష్టాలు అడిగి తెలుసుకుంటారు. అప్పటికప్పుడు పాటలోకి తెస్తారు. ఏ ఇంటి కథ ఆ ఇంటిదే. రెండోసారి అదే పాట ఉండదు. ఇంతటి విద్యను నేర్పే కాలేజీ ఎక్కడా లేదు.

సినిమా వచ్చేనాటికే మొగిలయ్య ఆరోగ్యం బాగోలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్, చూపు మందగించింది. సినిమావాళ్లు, ప్రభుత్వం, అభిమానులు తలో చెయ్యి వేశారు. 2024 డిసెంబర్ 19న ఆయన చనిపోయాడు. ‘బలగం’లోనే ‘ఊరు పల్లెటూరు’ రాసిన మన హనుమకొండ కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. ఓరుగల్లుకు అది పండగే. ఆ పండగలో మొగిలయ్య లేడన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇన్నేళ్లు ఇంటి ముందుకొచ్చి పాడినప్పుడు బియ్యం పోసి పంపిన మనం, సినిమాలో కనిపిస్తే తప్ప ఆయన పేరు అడగలేదు.

టికెట్టు పెట్టండి

మేడ మీది గదిలో పాడిన అక్కకు ఆ రోజు పాటకింతని ఒకేసారి ఇచ్చారు. పాట కోటి మంది చూసినా, వందమంది చూసినా ఆమెకు అంతే. ఛానెల్ నడిపే కుర్రాడు చెడ్డవాడేం కాదు. కెమెరాకు, డ్యాన్సర్లకు, ఎడిటింగ్‌కు అప్పు తెచ్చి పెట్టాడు. పది పాటలు వేస్తే ఒకటి ఆడుతుంది. నష్టం అతనొక్కడే మోస్తున్నప్పుడు లాభమూ అతనికే పోవడం సహజంగా జరుగుతోంది. దీన్ని మార్చాలంటే పద్ధతి మారాలి.

ఇందుకు వాషింగ్టన్ పంక్ కుర్రాళ్ల దగ్గర ఒక దారి ఉంది. ఫుగాజిలో పాడిన ఇయాన్ మెకాయ్ 1980లో స్నేహితుడితో కలిసి డిస్కార్డ్ అనే చిన్న లేబుల్ పెట్టాడు. రికార్డు ఖర్చులు పోగా మిగిలింది బ్యాండ్‌తో పంచుకుంటారు. పెద్ద కంపెనీల కాంట్రాక్టుల్లాంటివేమీ లేవు, మాట మీదే నడిచింది. ధరలు తక్కువ. ఫుగాజి కచేరీ టికెట్టు చాలా ఏళ్ల పాటు ఐదు డాలర్లే. దేశమంతా స్కూలు హాళ్లలో, చర్చి నేలమాళిగల్లో పాడారు. చిన్న టికెట్టు, నిండిన హాలు, పంచుకున్న డబ్బు. ఆ లేబుల్ నాలుగు దశాబ్దాలు దాటి నిలబడింది.

వరంగల్‌కు హాలు కొరత లేదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. 2024 నవంబర్‌లో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. తన గొడవ తానే రాసుకున్న కాళోజీ పేరు మీదున్న వేదిక అది. నెలకో సాయంత్రం సినిమా పాట లేకుండా, సన్మానాలూ శాలువాలూ లేకుండా, ఈ గదుల్లో పాడేవాళ్లకు, ఒగ్గుకథ, శారద కథ చెప్పేవాళ్లకు, ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీల్లో గిటార్లు పట్టుకున్న పిల్లలకు ఆ వేదిక ఇవ్వాలి. టికెట్టు యాభై రూపాయలు పెట్టాలి. ఉచితం వద్దు. పోస్టర్ మీద మొదట పాడేవాళ్ల పేర్లు, తర్వాత వాయించేవాళ్ల పేర్లు, చోటు మిగిలితే అతిథులవి. వచ్చిన డబ్బు ఎంతో, ఎవరికెంత పంచారో ఆ రాత్రే హాలు బయట బోర్డు మీద రాయాలి. బజ్‌కాక్స్ అట్ట మీద వేసుకున్న లెక్కలాగే అది అందరికీ కనిపించాలి.